పిస్తా పరిమళము



బెంగుళూరునుండి పండుగకు వచ్చు పిల్లలును, దుబాయి, కువైటులనుండి సెలవులకు దిగు యువకులును ఇప్పుడు ఇంటికి తెచ్చు సుగంధపు బుడ్లలో ఒకదానిమీద పచ్చని పిస్తాపప్పు బొమ్మ యుండుట మీలో కొందరు చూచియే యుందురు. మూత తీసినంతనే మిఠాయి అంగడి జ్ఞప్తికి వచ్చును. కాచిన పాలు, బాదము, దోరగా వేగిన పప్పు, వాని వెనుక లీలగా చందనము. ఒంటికి పూసికొను వస్తువు ఇట్లు నోరూరించుట మన తరమువారికి వింతగా తోచును. అటుపిమ్మట తప్పక పుట్టు ప్రశ్న ఒకటి కలదు: ఇంత చిన్న బుడ్డికొరకు ఎన్ని సేర్ల పిస్తాపప్పు పిండవలసివచ్చెనో? పప్పు ధర తెలిసిన గృహస్థునకు ఈ ప్రశ్న సహజము.

దానికి సమాధానము వినిన, ఎక్కువమంది ఆశ్చర్యపడుదురు. దాదాపు ఎల్లప్పుడును ఆ బుడ్డికొరకు ఒక్క పిస్తాపప్పైనను పిండబడలేదు. అట్లయిన ఆ వాసన ఎక్కడిది? అది మోసమా, కాదా? ఈ రెంటినిగూర్చియే నేటి ప్రసంగము. ఇందులో మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతమువారికి దూరదేశపు ముచ్చటకంటె ఎక్కువయే కలదు. ఏలయన పిస్తా వాసన రహస్యము తెలియవలెనన్న, మన సెనక్కాయలు వేయించు బాణలియొద్ద కూర్చుండుటకంటె మంచి ఉపాయము లేదు.

తర్కము చదివిన పెద్దలకు గంధము పృథివీద్రవ్యమునకు చెందిన గుణమని తెలియును. నీటికిగాని గాలికిగాని వాసన గలిగినట్లు తోచినచో, అందు కలసిన పార్థివాంశములదే ఆ వాసన యని మన ప్రాచీనులు వాదించిరి. నేటి రసాయనశాస్త్రము మాట మార్చి ఇంచుమించు అదే చెప్పుచున్నది. వస్తువునుండి విడివడి గాలిలోనికి లేచి నాసికను చేరిన అణువులే వాసన. విడివడనిదానికి వాసన లేదు. ఇనుపకడ్డీకంటె మల్లెపూవు వాసన గలదగుట, మల్లెయందు తేలికగా లేచిపోవు అణువులుండుటచేతనే. ఈ ఒక్క సూత్రమును మనసునందుంచుకొన్నచో తక్కిన కథ సులభముగా బోధపడును.

ఇక పిస్తాచెట్టు సంగతి. ఇది ఇరాను, ఆఫ్ఘనిస్థానము, మధ్య ఆసియా ప్రాంతములకు సహజమైన వృక్షము. పిస్తా యను మాటయు పారసీకమునుండియే మనకు వచ్చినది. చరకసంహితయందలి ఫలవర్గమున బాదము, అక్రోటులతోపాటు అభిషుకము, ముకూలకము, నికోచకము అను పేర్లు కనబడును. వానిలో ఏది పిస్తాయో వ్యాఖ్యాతలు ఏకాభిప్రాయమునకు రాలేదు. వాయవ్యపు కొండదారులవెంట ఈ పప్పులు మన దేశమునకు వచ్చుచుండుట మాత్రము నేటి మాట కాదు. నేడు పిస్తా పంటలో అమెరికా, ఇరాను, తుర్కీ ముందువరుసలోనివి. అమెరికా తోటలకు మూలమైన గింజలు 1929, 1930 ప్రాంతమున ఒక వృక్షశాస్త్రజ్ఞుడు ఇరానునుండి కొనిపోయినవి. ఆ తోటల ముఖ్యజాతికి కెర్మాను అను ఇరాను పట్టణపు పేరే నిలిచినది.

మన పొలములలో వేసిన పండదా యని కొందరడుగుదురు. పండదు. ఆ చెట్టు చలికాలమున ఆకురాల్చి నిద్రించవలెను. ఆ నిద్రకు ఇంచుమించు ఏడు డిగ్రీలకు తక్కువైన చలి కొన్ని వందల గంటలు, జాతినిబట్టి వేయి గంటలవరకు, కావలెను. హిందూపురము మైసూరు పీఠభూమి అంచున నుండి మన జిల్లాలో చల్లని ఊరుగా పేరుపొందినను, మన ధనుర్మాసపు రాత్రులు ఆ పరిమితిని అందుకొనజాలవు. మరియొక విశేషము వినుడు. తాటిచెట్టులందు పోతుతాడు, పెంటితాడు వేరైనట్లే పిస్తాయందును మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. పుప్పొడిని మోయునది గాలి. గాలిని ఆకర్షింప రంగును అక్కరలేదు, వాసనయు అక్కరలేదు. కావున పిస్తాపూవునకు రేకులు లేవు, చెప్పుకొనదగిన పరిమళము లేదు. మల్లెయు, మొగలియు తమ పూవులనుండి అత్తరు నిచ్చినట్లు పిస్తా ఈయజాలదని ఇచ్చటనే తేలిపోయినది.

అట్లని ఆ కుటుంబము గంధహీనమని తలంపరాదు. పిస్తా మన మామిడి, జీడిమామిడి, సారపప్పుచెట్లకు దాయాది. మామిడికాయ తొడిమ త్రుంచినప్పుడు చిమ్ము జిగురుసొన వాసన మీ రెరుగుదురు. ఆ ఘాటైన వాసనయే ఈ కుటుంబమునకు ఇంటిగుర్తు. పిస్తాచెట్టు ఆకునలిపినను, కాయ పైతోలు చిదిమినను, దేవదారు జిగురును తలపించు వాసన వచ్చును. దీని సోదరవృక్షమొకటి గ్రీసుదేశపు ఖియోసు ద్వీపమున పెరుగును. దాని బెరడు గీరిన కారు జిగురుబొట్లు ఎండి సాంబ్రాణివలె గట్టిపడును. యునానీ హకీములు రూమీ మస్తకీ యని వాడునది అదియే. ఖియోసువారి ఆ సాగువిద్యను 2014లో యునెస్కో సంస్థ మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది. ఆ జాతిచెట్టు జిగురును, ఆకుకొమ్మల సారమును సుగంధకారులు నిజముగనే వాడుదురు. అయితే అది పచ్చి అడవివాసన, మిఠాయివాసన కాదు.

ఇంకొక సోదరవృక్షము హిమాలయపు పడమటి కొండలలో నున్నది. దాని ఆకులమీద పురుగు కుట్టుటచే కొమ్మువలె వంకరగా పెరుగు బుడిపెలే మన వైద్యుల కర్కాటకశృంగి. పసిపిల్లల దగ్గునకును జ్వరమునకును తుంగముస్తలు, పిప్పళ్లు, అతివసతో చేర్చి నూరు బాలచాతుర్భద్ర చూర్ణమున పడునది ఇదియే. పిస్తా చూడనివారి ఇంటిలోను పిస్తా బంధువు ఆ విధముగా ఎన్నడో అడుగుపెట్టియే యున్నది. పిస్తాచెట్టు మీదనే పుట్టు అట్టి బుడిపెలను గుల్-ఎ-పిస్తా యని పేర్కొని ఉత్తరదేశమున పట్టునకు రంగువేయ వాడిరి. ధర్మవరపు చేనేతవారు విని సంతసించుదురని ఈ మాట చెప్పితిని.

ఇక పప్పునకు వత్తము. పిస్తాపప్పులో ఇంచుమించు సగము బరువు నూనెయే. అంత నూనె యుండగా అత్తరు ఏల రాదని సందేహము. ఇచ్చట నూనె యను మాట మనలను ఏమార్చుచున్నది. నూనెలు రెండు విధములు. ఇంటిలో ఒక చిన్న పరీక్ష చేయుడు. తెల్లకాగితముపై ఒకచోట సెనగనూనె బొట్టు, మరియొకచోట నీలగిరితైలపు బొట్టు వేసి నీడలో నుంచుడు. కొంతసేపటికి నీలగిరితైలము వాసన విరజిమ్ముచు దాదాపు జాడలేక పోవును. సెనగనూనె మరక మరునాటికిని, మరుమాసమునకును అట్లే యుండును. లేచిపోవునది గంధతైలము. కదలక కూర్చుండునది భోజనతైలము. పిస్తాపప్పులోని నూనె ఈ రెండవ కోవకు చెందినది. బడిలో ఈ పరీక్షను నేను ఎన్ని తరగతులకు చేసి చూపితినో లెక్కలేదు. పిల్లలు సూత్రము మరచినను మరకను మరువరు.

అత్తరు బట్టీ పనిచేయు తీరు తెలిసినచో ఇది మరింత స్పష్టమగును. గంగాతీరమునకు చేరువనున్న కనౌజులో పెద్ద రాగిబానలో పూవులును నీరును పోసి, మూత సందులకు మట్టి మెత్తి, క్రింద పిడకలమంట పెట్టుదురు. ఆ బానను దేగు అందురు. ఆవిరి వెదురుగొట్టము గుండా పోయి నీటితొట్టిలో నుంచిన మరియొక రాగిపాత్రను చేరును. దాని పేరు భపకా. అందు ముందుగనే చందనతైలము పోసియుందురు. ఆవిరితో వచ్చిన పూలవాసనను ఆ చందనము పట్టియుంచును. గంజాము ప్రాంతమున మొగలిపూవులనుండి రూహు తీయు పద్ధతియు ఇట్టిదే. ఆ దేగులో మల్లెలకు బదులు మణుగు పిస్తాపప్పు పోసి రాత్రింబగళ్లు కాచినను, ఆవిరితో లేచివచ్చునది అత్యల్పము. క్రింద మిగులునది ఉడికిన పప్పు. దానిని తినవచ్చునేమోగాని పూసికొనరాదు.

పప్పును గానుగాడి తీసిన నూనెయు అత్తరు కాదు. మంచి నూనెయే, మృదువైనదే, కాని వాసన మెత్తన. పైగా కొన్నాళ్లకు ముక్కిపోవును. అయినను నూనెగింజలకు వేరొక గొప్పగుణమున్నదని మన పూర్వులు కనుగొనిరి. అవి పరుల వాసనను తమలో దాచుకొనగలవు. నువ్వులను మల్లెపూలతో పొరలుపొరలుగా పరచి, పూలు వాడిన కొలది మార్చుచు, చివరకు ఆ నువ్వులను గానుగాడించినచో మల్లెనూనె వచ్చును. ఉత్తరాదివారు దీనిని ఫులేలు అందురు. మన ఇండ్లలో తలనూనెలో మరువమును, దవనమును వేసి ఎండలో నుంచు ఆచారము దీనికి చెల్లెలు. గింజ తాను గంధము నీయలేదుగాని, గంధమునకు ఇల్లు ఈయగలదు.

మరి వేగిన పిస్తా ఘుమఘుమలాడుచున్నదే యందురా? అసలు మర్మము అక్కడనే యున్నది. ఆ వాసన పప్పులో పుట్టుకతో లేదు. నిప్పు పుట్టించినది.

కదిరి, పెనుకొండ, ధర్మవరము చేలలో త్రవ్విన పచ్చి సెనక్కాయ ఒలిచి వాసన చూడుడు. పచ్చిబఠాణివాసన, కొంత మట్టివాసన, అంతకుమించి లేదు. అదే గింజను బాణలిలో వేడియిసుకలో తిప్పినంత, మొదట తేమ పోవును. కొంతసేపు ఏమియు తోచదు. పిమ్మట ఒక్కుమ్మడిగా వీధి కొసవరకు వాసన లేచును. గింజలోని మాంసకృత్తుల అంశములును, చక్కెరలును ఆ వేడిలో ఒకదానితో నొకటి కలసి, అంతవరకు లోకములో లేని క్రొత్త అణువులుగా మారును. రొట్టె కాలినను, కాఫీగింజ వేగినను, దోసె అంచు ఎర్రబడినను జరుగునది ఈ చర్యయే. 1912లో దీనిని వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కమీలు మయ్యారు పేర ఇది ప్రసిద్ధమైనది. ఈ చర్యలో పుట్టు అణువులలో పైరజీనులు అను ఒక తెగ గలదు. వేయించిన సెనక్కాయలో ఇవి యున్నవని అమెరికా రసాయనజ్ఞులు 1966లో ప్రకటించిరి. వేగిన పిస్తాకు వేగినవాసన నిచ్చునవియు ఈ తెగవారే. బాణలిలో రెంటిని ప్రక్కప్రక్కన వేయించినచో రంగు వేరు, రుచి వేరు, ధర మిక్కిలి వేరు. నిప్పుమీద లేచు ఆ మొదటి ఘుమఘుమకు మాత్రము గోత్రమొక్కటే.

వానచుక్క కరవైన ఎర్రనేలలో సెనక్కాయయే ఆధారముగా ఎన్ని సంసారములు గడచినవో మీకు నేను చెప్పనక్కరలేదు. 2022లో మన మూడు ఊళ్లును అనంతపురము జిల్లానుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనికి వచ్చినను, నేల మారలేదు, వాన మారలేదు. ఆ పంటవాసనకు, ప్రపంచము ఇప్పుడు బంగారుధర పెట్టి కొనుచున్న వాసనకు ఇంత దగ్గర చుట్టరికమని తెలిసినప్పుడు నాకు గర్వమును కలిగెను, కొంత మనస్తాపమును కలిగెను.

ఇట్లు పుట్టిన వాసనను బుడ్డిలో నింపుట యెట్లు? ఇచ్చట మన ప్రాచీనుల మాట యొకటి గుర్తునకు తెచ్చుకొనవలెను. క్రీస్తుశకము ఆరవ శతాబ్దమున వరాహమిహిరాచార్యుడు బృహత్సంహితలో గంధయుక్తి యని ఒక అధ్యాయమే వ్రాసెను. పేరు గమనింపుడు. గంధద్రవ్యము కాదు, గంధయుక్తి. యుక్తి యనగా కూర్పు. పదునారు ద్రవ్యములలో నాలుగేసి తీసికొని, వాని పాళ్లు మార్చుచు కూర్చినచో 1,74,720 పరిమళములు పుట్టునని ఆయన లెక్క. పదునారింటినుండి నాలుగింటిని ఎన్నుకొను విధములు 1,820. ఒక్కొక్క ఎన్నికకు పాళ్లు మార్చు విధములు 96. రెంటిని గుణించి చూచుకొనుడు, లెక్క సరిపోవును. గణితమును పరిమళమును ఒకే చేత పట్టిన ఆ బుద్ధికి నమస్కరింపవలెను.

నేటి సుగంధకారుడు చేయునదియు యుక్తియే. పిస్తావాసనయను ద్రవ్యము అతని బీరువాలో సాధారణముగా నుండదు. అతడు పిస్తాను తలపింపజేయు వాసనలను ఏరి కూర్చును. మొదటిది చేదుబాదము వాసన. బెంజాల్డిహైడు అను ద్రవము దీనికి మూలము. రెండవది వేగిన పప్పు వాసన. ఇది పైరజీనుల పని. వీని శక్తి యెంతటిదనగా, ఈ తెగలో కొన్నిటిని కోట్లపాళ్ల నీటిలో ఒకపాలు కలిపినను ముక్కు పసికట్టును. కనుక సూదిమొనతో వేయవలెను. మించినచో పిస్తా పోయి మాడువాసన మిగులును. మూడవది మీగడవాసన, నాలుగవది వెనిల్లా తీపి, అయిదవది పచ్చియాకు నలిపినట్టి చిరుపసరు. అడుగున చందనముగాని, కస్తూరిని పోలిన కృత్రిమద్రవ్యముగాని ఉండి తక్కినవానిని పట్టియుంచును. పాళ్లు ఏ యింటివారు ఆ యింట రహస్యముగా నుంచుకొందురు.

ఈ కూర్పునకు కావలసిన సరకు ఒక్కనాడు పుట్టలేదు. ఎండిన గడ్డిని తలపించు కూమరినును 1868లో పెర్కిను అను ఆంగ్లేయుడు ప్రయోగశాలలో తయారుచేసెను. వెనిల్లా సారమైన వెనిలినును 1874లో జర్మనులు చేసిరి. 1882లో పారిసునగరపు ఊబిగాఁ సంస్థ కృత్రిమ కూమరినును చేర్చి పరిమళద్రవమును వెలువరించినప్పటినుండి సుగంధకారుడు పూదోటకు మాత్రమే బానిస కాలేదు. 1992లో ఫ్రాన్సున ఏంజెలు అను పేర కాచిన చక్కెరవాసనగల పరిమళము వచ్చి, తినుబండారపు వాసనలను ఒంటికి పూసికొను అలవాటును లోకమంతట వ్యాపింపజేసెను. దుబాయిలో వెలసిన కయాలీ యను సంస్థ 2023లో పిస్తాకలిపిన ఇటలీ ఐసుక్రీము పేరుతోనే ఒక బుడ్డిని విడుదలచేసెను. మన పిల్లలు తెచ్చునవి ఆ వరుసలోనివి, లేదా వానికి చౌకయైన నకళ్లు.

కాలచక్రపు విచిత్రమొకటి ఇందున్నది. 1443లో హీరాతునుండి అబ్దుర్ రజాకు అను రాయబారి విజయనగరమునకు వచ్చెను. హీరాతుకు ఉత్తరపు కొండలు పిస్తా అడవులకు ప్రసిద్ధి. ఆ సీమవాడు మన రాజధానిలో ఎటుచూచినను గులాబీలమ్ముటయు, జనులు అన్నముతో సమముగా పూలను కోరుటయు చూచి అచ్చెరువందినట్లు వ్రాసికొనెను. 1565 యుద్ధము పిమ్మట ఆ రాజ్యమునకు రాజధాని యైన పెనుకొండలో నేటికిని బాబయ్య దర్గా ఉరుసునకు గంధము ఊరేగింపుగా వచ్చును. పిస్తాదేశపువాడు నాడు మన వాసనలకు మురిసెను, మనవారు నేడు పిస్తావాసనకు మురియుచున్నారు.

ఇక మోసమా కాదా యను ప్రశ్న. అత్తరు విషయమున నేను మోసమని అనను. చిత్రకారుడు లేపాక్షి మండపపు కప్పుమీద గుఱ్ఱమును వ్రాసినచో, అందు గుఱ్ఱము ఎముకలు లేవని ఎవడును వ్యాజ్యెము వేయడు. పరిమళమును ఒక ఊహగా అమ్మినంతవరకు దోషము లేదు. ఇందు పిస్తాసారమే యున్నది, పుష్టినిచ్చును, తలనొప్పి పోగొట్టునని అంగడివాడు చెప్పినప్పుడు మాత్రము మందలింపవలెను. మరియొక జాగ్రత్త: తినుబండారములలో వేయు పిస్తా ఎసెన్సు వేరు, ఒంటికి పూయు అత్తరు వేరు. వాసన ఒక్కటే యని అత్తరును పాయసమున చుక్కవేసిన ఇల్లాండ్రను నే నెరుగుదును. అది తగదు. అత్తరు బుడ్డి మిఠాయివాసన వేయును గనుక పసిపిల్లలకు అందని చోట నుంచుడు.

అసలు మోసము అత్తరు అంగడిలో లేదు, మిఠాయి అంగడిలో నున్నది. సెనగపప్పును సన్నముగా చీల్చి, పచ్చరంగు పట్టించి, బర్ఫీలమీద చల్లి పిస్తాయని అమ్ము దురాచారము దేశమున అనేకచోట్ల ఆహారాధికారుల తనిఖీలలో బయటపడినది. ఇందు రెండు అన్యాయములున్నవి. కొనువాడు పిస్తా ధర యిచ్చి సెనగపప్పు తినును. పండించినవాడు సెనక్కాయధర మాత్రమే పొందును. నడుమనున్నవాడు రంగుపొట్లముతో ధనవంతుడగును. మన పంట మారువేషము వేసికొనినగాని విలువ పొందకపోవుట నాకు కష్టముగా తోచును. సెనక్కాయ తన పేరుతోనే గౌరవము పొందదగిన గింజ.

గుర్తించుట సులభమే. నిజమైన పిస్తాపప్పు పైపొర ఊదాయెరుపు, లోపల పసుపుకలసిన పచ్చన, ఆ పచ్చన ఆకులలోని పచ్చనవంటిదే. అది అంతటను సమముగా నుండదు, ఒకచోట ముదురు, ఒకచోట లేత. రంగువేసినది గోడకు సున్నము కొట్టినట్లు ఒకే తీరుగా మెరయును. నాలుగు ముక్కలు గోరువెచ్చని నీటిలో వేసి కొంతసేపుంచి చూడుడు. నీరు చిక్కని పచ్చగా మారినచో సందేహింపవలెను. వేళ్ల నడుమ రుద్దిన రంగంటుకొన్నచో నిశ్చయింపవచ్చును. చివరగా నమలి చూడుడు. సెనగపప్పు రుచి మన సీమవానికి ఎవడు నేర్పవలెను? మిఠాయిలోని పిస్తావాసనయు పలుమారు బెంజాల్డిహైడు వాసనయే, అనగా చేదుబాదపు వాసన. మన నాలుక ఆ వాసననే పిస్తాయని నేర్చుకొన్నది. నిజమైన పిస్తా ఒట్టిగా తిన్న పిల్లవాడు ఇందు పిస్తావాసన లేదేయని అడుగుట ఇందుచేతనే.

ధర్మవరమువారికి ఒక మాట. పెండ్లిండ్లలో పట్టుచీరమీదను, జరీయంచుమీదను నేరుగా అత్తరు చల్లుట మంచిది కాదు. అత్తరున నూనె యుండును, మరక పట్టునందు ఇంకిన తీయుట కష్టము. సారాయిపదార్థము కలిసిన పిచికారీ బుడ్లు కొన్ని రంగులను కదిలించును, జరీ వన్నె తగ్గించును. మణికట్టునగాని, చెవి వెనుకగాని, పూలజడలోగాని చాలును. కొత్త బుడ్డియైనచో ముందుగా మోచేతి మడతలో ఒక చుక్క అంటించి ఒకదినము చూచి, దురదగాని దద్దుర్లుగాని లేనిచో వాడవలెను.

బుడ్డి కొనదలచినవారు అంగడిలో మూతయొద్ద వాసన చూచి వెంటనే రూక లీయకుడు. ఒక అద్దుడుకాగితపు ముక్కమీద చుక్క వేయించుకొని జేబులో నుంచుకొని ఇంటికి రండు. మొదటి గడియలో పచ్చియాకు, చేదుబాదము తీవ్రముగా పలుకును. మధ్యాహ్నమునకు వేగినపప్పు వాసనయు మీగడవాసనయు మెత్తబడును, మీరు పిస్తాయనుకొన్నదానిలో చాలభాగము గాలిలో కలసిపోవును. దీపములు పెట్టువేళకు కాగితమును మరల చూడుడు. అప్పటికి మిగిలియుండునది వెనిల్లా తీపి, దాని క్రింద చందనమో కస్తూరియో. ఆ చివరివాసన మీకు నచ్చినచో కొనుడు.